నాలుగు వాటాల మొక్క

ఆ ఇంట్లో అడుగుపెట్టి ముప్పయ్యొక్క ఏళ్ళయినా, జుట్టు సగం తెల్లబడినా, మోకాళ్ళ నొప్పులకి రెండు రకాల తైలాలు వాడుతున్నా, ఆవిడని అందరూ రెండో కోడలు అనే అంటారు. అత్తగారు పోయి పదమూడేళ్ళయింది. కోడలనిపించుకోడానికి అత్త ఉండి తీరాలన్న నియమం ఆ కుటుంబంలో లేదు.

రెండో కోడలికి కోపం వస్తే ఎవర్నీ ఏమీ అనేది కాదు. పెరట్లోకి వెళ్ళి మట్టి తవ్వేది. ఆ పెరడు అంత గుల్లగా, అంత సారవంతంగా ఉండటానికి కారణం అదే. అత్తవారి తరఫు చుట్టాలు వచ్చి వెళ్ళిన వారం మొక్కలన్నీ ఒక జానెడు ఎక్కువ పెరిగేవి.

పెరట్లో గోడవారగా పిట్టపూల మొక్క ఉంది. మొక్క అని మర్యాదకి అనడమే గానీ, మనిషెత్తు పెరిగింది. రెండు చేతులూ చాపి కౌగిలించుకుందామన్నా అందనంత కుదురు. అరిటాకుని చిన్నది చేసి, ఇస్త్రీ పెట్టి నిలబెట్టినట్టుండే ఆకులు. పొడుగాటి కాడల చివర నారింజ రంగు తురాయి, మధ్యలోంచి నీలంగా ముక్కు. పక్కనుంచి చూస్తే మెడ చాపి ఎవరిమీదో చాడీలు చెప్పబోతున్న పిట్టలా ఉంటుంది ఆ పువ్వు.

అత్తగారి ఇల్లు ఖాళీ చేసిన రోజున పిల్లలు నలుగురూ సామానంతా పంచుకున్నారు. బీరువా పెద్దక్కకి వెళ్ళింది. కుట్టుమిషను, సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పెద్దన్నగారికి వెళ్ళింది. ఎవరికీ అక్కర్లేక వాకిట్లో మిగిలిపోయింది ఒక పగిలిన కుండీ, అందులో కుళ్ళిన ఉల్లిపాయలాంటి మొదలు ఒకటి.

"అది పారేయించెయ్యవే, ఇంటిముందు దరిద్రంగా ఉంది" అంది పెద్దక్క.

రెండో కోడలు దాన్ని పాత తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకుంది. పక్కసీటాయన అందులో ఏముందో అడగడానికి భయపడి రెండు స్టాపుల ముందే దిగిపోయాడు. నాటింది. ఆరేళ్ళు ఆకులు తప్ప ఏమీ రాలేదు. ఏడో ఏడు ఒక్క పువ్వు. పదమూడో ఏడు ఇరవై రెండు.

ఆ ఇరవై రెండూ ఒకేసారి విచ్చుకున్న పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని మెట్టుమీద కూర్చుని, అరగంటసేపు ఎవరికీ ఏమీ చెప్పకుండా చూసుకుంది. తప్పంతా ఆ తర్వాత జరిగింది. ఆవిడ లోపలికి వెళ్ళగానే ఆయన బయటికి వచ్చాడు.

ఆయన అంటే భర్త. సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో పొలాలూ స్థలాలూ ముప్పయ్యారేళ్ళు కొలిచి, ఇప్పుడు కొలవడానికి ఏమీ లేక, కొన్న సబ్బు పాతదానికంటే ఎంత చిన్నదయిందో కొలుస్తూ ఉంటాడు. మొక్కని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు. కింద ఇలా రాశాడు: 'అమ్మ మొక్క. ఇరవై రెండు పూలు.'

ఆ ఐదు మాటల్లో నీళ్ళు పోసినవాళ్ళ పేరు లేదు.

పది నిమిషాల్లో పెద్దక్క రాసింది: 'అమ్మ మొక్కా? మాకొక మాట కూడా చెప్పలేదే!' ఆయన తమ్ముడు, అంటే యాభై రెండేళ్ళు దాటినా ఇంకా చిన్నోడు అని పిలిపించుకునే మరిది, ఏడుస్తున్న బొమ్మలు మూడు పెట్టాడు. హెడ్‌మాస్టరుగా రిటైరయిన పెద్దన్నగారు మధ్యాహ్నం దాకా ఆలోచించి, 'తల్లి జ్ఞాపకం ఒక్కరి పెరటికే పరిమితం కావడం భావ్యమా?' అని అడిగారు. భావ్యం కాదని ఆయనే ఇంకో మెసేజి పెట్టారు. సాయంత్రానికి తీర్మానమైపోయింది. మొక్కని నాలుగు భాగాలు చెయ్యాలి. వచ్చే ఆదివారం అందరూ వస్తున్నారు.

"ఏమోయ్, ఆదివారం వాళ్ళొస్తున్నారు" అన్నాడు ఆయన, టేపు చుట్టుకుంటూ.

"ఎందుకట?"

"అదే... మొక్కలో తలా ఒక వాటా..."

"వాటా ఏంటండీ వాటా? అదేమన్నా స్థలమా?"

"అమ్మది కదా."

"అమ్మది ఒక కుళ్ళిన మొదలు. దాన్ని పారేయమంది మీ అక్కే. ఆ రోజు మీరూ ఉన్నారు, చేతులు కట్టుకుని."

"ఉన్నాను" అని ఒప్పుకున్నాడు ఆయన. నిజాయితీపరుడు. "కానీ న్యాయంగా చూస్తే, ఆ మొదల్లోంచే కదా ఇదంతా వచ్చింది."

"న్యాయంగా చూస్తే మీరూ అందులోంచే వచ్చారు. మిమ్మల్ని కూడా నాలుగు ముక్కలు చేసి ఇస్తాను, పట్టుకెళ్ళమనండి."

ఆయన సబ్బు కొలవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆవిడ బాధ పిలక ఇవ్వాల్సి వచ్చినందుకు కాదు. వీధిలో సగం ఇళ్ళకి ఆవిడే మొక్కలిచ్చింది. ఈ మొక్క తీరు వేరు. ఇరుకులో ఒత్తుకుని ఉంటేనే పూస్తుంది. కదిపితే అలుగుతుంది. ఇంత పెద్ద కుదురుని విడదీస్తే మళ్ళీ పువ్వు చూడ్డానికి రెండేళ్ళో మూడేళ్ళో పడుతుంది, అదీ బతికితే. పైగా ఇప్పుడు నిండా పూలతో ఉంది. ఈ సమయంలో తవ్వడమంటే పెళ్ళిపీటలమీది పిల్లని లేపి ఆపరేషన్ చెయ్యడమే. ఆవిడ ఆ సంగతే చెప్పడానికి ఆడపడుచు పెద్దక్కకి ఫోన్ చేసింది.

"వదినా, పూలు అయిపోనివ్వండి. రెండు నెలలు ఆగితే నేనే విడదీసి పంపిస్తాను."

"రెండు నెలలా? ఇదుగో, మా కొత్త ఫ్లాట్ చూడ్డానికి పై వారం వియ్యాలవారు వస్తున్నారు. బాల్కనీ బోసిగా ఉంది. పూలున్నప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తుందమ్మా అది?"

"అంటే మీకు కావల్సింది అత్తయ్య జ్ఞాపకమా, బాల్కనీకి పూలా?"

"రెండూను" అంది పెద్దక్క, ఏ మాత్రం తడుముకోకుండా.

రెండో కోడలు ఫోన్ పెట్టేసి వెళ్ళి, ఏ అవసరమూ లేని చోట అడుగున్నర గొయ్యి తవ్వింది.

ఆ కుటుంబంలో పంపకాలకి మామగారు పెట్టిన రూలు ఒకటుంది. పంచినవాళ్ళు ఆఖర్న తీసుకోవాలి. బొప్పాయి కోసినా, బట్టల మూట విప్పినా అదే పద్ధతి. కోసేవాళ్ళు సమానంగా కోస్తారు, చచ్చినట్టు. పిల్లలు నలుగురూ దీన్ని ఎంత భక్తిగా పాటిస్తారంటే, పంచే పని ఎప్పుడూ ఎవరూ ముట్టుకోరు. ఈసారి ఆ గౌరవం రెండో కోడలికి దక్కింది. ఆవిడకే కదా పని తెలుసు.

శనివారం సాయంత్రం ఆవిడ మొక్కకి నిండా నీళ్ళు పెట్టింది. ఆదివారం పొద్దున్నే పాత చీర కొంగు బిగించి దిగింది. మొదలుకి అడుగున్నర దూరంలో చుట్టూ కాలువలా తవ్వుకుంటూ వచ్చింది. వేళ్ళు బొటనవేలంత లావున, తాళ్ళలా, నేలని పట్టుకుని ఉన్నాయి. మోకాళ్ళమీద కూర్చుని, చేత్తో మట్టి తోడి, ఒక్కొక్క దాన్నీ విడిపించింది. తొమ్మిదింటికి వాళ్ళొచ్చారు. వసారాలో కుర్చీలు వేసుకున్నారు.

"పని బాగానే సాగుతోందే" అన్నారు హెడ్‌మాస్టరు గారు కాఫీ ఊదుకుంటూ.

"చెయ్యి వెయ్యరా చిన్నోడా, రోజూ జిమ్ముకి పోతావుగా" అంది పెద్దక్క.

"ఇవాళ రెస్ట్ డే అక్కా. కండ విరిగిపోద్ది" అన్నాడు మరిది.

సర్వేయరు గారు మాత్రం సాయం చేశాడు. గొయ్యి చుట్టూ టేపు పట్టి, చుట్టుకొలత పదహారడుగుల రెండంగుళాలని ప్రకటించాడు.

కుదురుని టార్పాలిన్ మీదకి దొర్లించడానికి మాత్రం నలుగురూ లేవక తప్పలేదు. లేచినంతసేపూ మూలిగారు. ఆవిడ పైపుతో మట్టి కడిగి, వేళ్ళ మధ్య ఎక్కడెక్కడ సహజంగా సందులున్నాయో వెతికి, రంపంతో కోసింది. ఆ రంపం చప్పుడు ఆవిడకి పళ్ళు పీకించుకుంటున్నట్టు ఉంది. కోసిన చోటల్లా కుళ్ళు పట్టకుండా బొగ్గుపొడి అద్దింది. పదకొండున్నరకి నాలుగు భాగాలు గోడ నీడన వరసగా నిలబడ్డాయి.

సమానంగా లేవు. మొక్క ఏ మామగారి రూలూ తెలిసి పెరగదు. ఒకటి కుదురు నడిమి భాగం: పదిహేను పూలకాడలతో ఏనుగు అంబారీలా ఉంది, కానీ అడుగున ముసలి చెక్క, గుప్పెడు వేళ్ళు. రెండు మధ్యరకం. నాలుగోది పక్కన పెరిగిన లేత పిలకల గుంపు. ఒక్క పువ్వు లేదు. వేళ్ళు మాత్రం పిడికిళ్ళలా ఉన్నాయి.

"ముందు పూలకాడలన్నీ కోసేయాలి. ఆకులు సగానికి కత్తిరించాలి. అప్పుడే వేళ్ళు నిలదొక్కుకుంటాయి" అని కత్తెర తీసింది ఆవిడ.

ముగ్గురూ ఒకేసారి లేచారు. కండ విరిగే ప్రమాదం ఎవరికీ గుర్తు రాలేదు.

"పూలు కోసేస్తే ఇంక పంచుకోడానికి ఏముందే?" అంది పెద్దక్క.

"మొక్కుంది వదినా."

"మొక్క! చెట్టంత మొక్కని బోడిగుండు చేసి మా మొహాన కొడతావా?"

ఆవిడ కత్తెర పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా అంది: "సరే, కొయ్యను. కానీ ఒక్క మాట వినండి. ఆ పెద్దది తీసుకోకండి. చూపులకే అది. వేళ్ళు లేవు, బతకదు. మీరు ఈ చిన్నది తీసుకోండి. నేను చెప్తున్నాను, ఇదే మంచిది."

పెద్దక్క చిన్నదాన్ని చూసింది. పెద్దదాన్ని చూసింది. తర్వాత రెండో కోడలిని చూసింది.

"చిన్నోడా, ఇదేంట్రా ఇలా అంటోంది?"

"అర్థం కాలేదా అక్కా? వదిన వంతు ఆఖరిది. పెద్దది వద్దని మనకి చెప్తే..." మరిది గుసగుసలాడాడు. అతని గుసగుస పక్కింటి దాకా వినబడుతుంది. "అదే మంచిదన్నమాట."

హెడ్‌మాస్టరు గారు గంభీరంగా తల ఊపారు. ముప్పయ్యేళ్ళు పిల్లల మోసాలు పట్టుకున్న తల అది.

రెండో కోడలికి చెవుల్లోంచి పొగలొచ్చాయి. పదమూడేళ్ళు పెంచింది పోయింది. పూలున్న మొక్కని చేజేతులా కోసింది. వాళ్ళ ముక్కయినా బతకాలని తనకి దక్కాల్సిన మంచి ముక్కని చూపించింది. దానికి దొరికింది దొంగ అనే బిరుదు. మొగుడి వైపు చూసింది. ఆయన టేపు లోపలికీ బయటికీ లాగుతున్నాడు.

"ఏవండీ, మీరయినా చెప్పండి."

"ఎవరి ఇష్టం వాళ్ళది కదా" అన్నాడాయన.

పెద్దక్క పెద్దది తీసుకుంది. మిగతా ఇద్దరూ మధ్యరకాలు తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ కార్లో మట్టి అంటకుండా ఆవిడ దగ్గరే పాత దుప్పట్లు మూడు అడిగి పట్టుకెళ్ళారు.

ఆవిడ మిగిలిన పిలకల గుంపుకి ఆకులు కత్తిరించి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, అదే గోతిలో ఇదివరకెంత లోతులో ఉందో అంతే లోతులో నాటింది. అంత పెద్ద గోతిలో అది తాత చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంది. వారం రోజులు ఆ ఇంట్లో కాఫీ టైముకే వచ్చింది గానీ చక్కెర లేకుండా వచ్చింది. సర్వేయరు గారు కిక్కురుమనకుండా తాగాడు.

వియ్యాలవారు వచ్చి వెళ్ళారు. బాల్కనీ ఫోటోలు గ్రూపులో వచ్చాయి. 'మా అమ్మ మొక్క' అని పెద్దక్క కింద రాసింది. ఈసారి 'మా' కూడా చేరింది.

మూడో వారం నుంచి ఫోటోలు రావడం మానేశాయి. ఆరో వారం ఆదివారం, చెప్పాపెట్టకుండా, మనుషులే వచ్చారు.

హెడ్‌మాస్టరు గారి కారు డిక్కీలోంచి పసుపు రంగు ఆకులు వేలాడుతూ దిగాయి. గాలికి ఒరగకుండా గట్టిగా నిలవాలని ఆయన దాన్ని మెడ దాకా పాతిపెట్టారట. మరిది స్కూటర్ మీద తెచ్చిన దాని ఆకుల అంచులు కాలిపోయి ఉన్నాయి. త్వరగా కండ పట్టాలని తోట మొత్తానికి వెయ్యాల్సిన ఎరువు దానొక్కదానికే వేశాడు. పెద్దక్క చేతిలో మాత్రం ప్లాస్టిక్ సంచీ ఉంది. రెండో కోడలు విప్పి చూసింది. వేలితో నొక్కితే లోపలికి దిగింది. వాసన ముందు వచ్చింది, తర్వాత నీళ్ళు.

"కుండీకి అడుగున చిల్లుందా వదినా?"

"చిల్లెందుకు? ఇటాలియన్ టైల్స్, మరకలు పడవూ? రోజూ రెండు పూటలా నా చేత్తో నీళ్ళు పోశాను. ఎంత ప్రేమగా చూసుకున్నానో!"

"ఇది చచ్చిపోయింది."

పెద్దక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కుర్చీ లాక్కుంది. "సరే, విషయానికి వద్దాం. ఈ రెండూ నీ దగ్గర పెట్టుకుని బాగుచెయ్యి. బాగయ్యాక ఎవరిది వాళ్ళు తీసుకెళ్తారు. మరి నా వాటా పోయింది కదా. కాబట్టి మిగిలిన మూడింట్లోనూ నాకు భాగం రావాలి. ఏమంటావురా?"

చివరి మాట అడిగింది సర్వేయరు తమ్ముణ్ణి. ఆయన అప్పటికే కాగితం తీశాడు. "అంటే అక్కా, ముగ్గురూ తలా నాలుగో వంతు ఇస్తే, నలుగురికీ ముప్పావు చొప్పున సమానం అవుతుంది" అన్నాడు, లెక్క తేలినందుకు కాస్త సంతోషంగా కూడా.

రెండో కోడలి అరికాళ్ళలో బయల్దేరిన మంట నెత్తి దాకా రావడానికి ముప్పయ్యొక్క ఏళ్ళు పట్టింది. ఇప్పుడు వచ్చేసింది.

"ఆ కాగితం లోపల పెట్టండి" అంది.

ఆయన పెట్టాడు.

"వదినా, ఇది పారేయమన్నది మీరు. బావగారూ, ఆ రోజు కుట్టుమిషను మోయించుకుంటూ దీన్ని దాటుకుని వెళ్ళారు మీరు. ఏం నాయనా చిన్నోడా, పదమూడేళ్ళలో ఆ కుండీలో మొదలు ఏమైందని ఒక్కసారైనా అడిగావా? ఎవరూ అడగలేదు. పూసేదాకా ఇది చెత్త. పూశాక అమ్మ జ్ఞాపకం! మంచి ముక్క తీసుకోండి తల్లీ అని చెప్తే నన్ను దొంగని చేశారు. చంపి సంచీలో పట్టుకొచ్చి, బతికున్న వాటిల్లో మళ్ళీ భాగం అడుగుతున్నారు. అసలు మీకు నోరెలా వచ్చింది?"

"ఏమే, ఎవరితో మాట్లాడుతున్నావో..."

"తెలుసు. అందుకే ఇన్నేళ్ళు మట్టితో మాట్లాడుకున్నాను."

ఆవిడ హెడ్‌మాస్టరు గారి ముక్కని ఎత్తుకుంది. ఆయన అడ్డొచ్చేలోపు పచ్చగా మిగిలిన రెండు ఆకులు తప్ప అన్నీ కోసేసింది. మెత్తబడిన మెడ భాగం గట్టి చెక్క తగిలేదాకా చెక్కేసి, బొగ్గుపొడి అద్దింది. మరిది ముక్క వేళ్ళని పైపు కింద పెట్టి ఎరువంతా పోయేదాకా కడిగింది. కాలిన అంచులు కత్తిరించింది. ఎవరూ కదల్లేదు. గోతిలో తన పిలకల గుంపు పక్కనే మట్టి తోడి, వేరుకి వేరు తగిలేంత దగ్గరగా, రెండింటినీ దింపి, మట్టి లాగి, మడమతో అదిమింది.

"ఇదేంటి, మూడూ ఒకే గోతిలో పెట్టేస్తున్నావు?" హెడ్‌మాస్టరు గారు లేచి నిలబడ్డారు. "రేపు ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందమ్మా?"

"తెలీదు బావగారూ."

"తెలీకపోతే ఎలా వదినా? మళ్ళీ పంచాలంటే?" అన్నాడు మరిది.

"పంచనవసరం లేకుండానే పెడుతున్నాను. ఇది ఇరుకులో ఉంటేనే పూస్తుంది. పూసినప్పుడు రండి, చూసి వెళ్ళండి. కాఫీ ఇస్తాను. పార పట్టుకుని ఎవరైనా ఈ గోడ దగ్గరికొస్తే మాత్రం, నాకంటే వయసులో పెద్దా చిన్నా అని చూడను."

పెద్దక్క తమ్ముడి వైపు తిరిగింది. "చూస్తూ ఊరుకుంటావేంట్రా? నువ్వు చెప్పు. అమ్మ మొక్కా కాదా ఇది?"

సర్వేయరు గారు అక్కని చూశాడు. గోతిని చూశాడు. మట్టి చేతులతో నిలబడ్డ భార్యని చూశాడు. ముప్పయ్యారేళ్ళలో ఎన్నో సరిహద్దుల మధ్య నిలబడ్డాడు గానీ, అవన్నీ వేరేవాళ్ళవి.

"మొదలు అమ్మది అక్కా" అన్నాడు గొంతు సవరించుకుని. "మొక్క మాత్రం దీనిది."

పెద్దక్క సంచీ అక్కడే వదిలేసి లేచింది. దుప్పట్లు మాత్రం ఎవరూ తిరిగి తేలేదు. కారు, స్కూటరు వెళ్ళిపోయిన చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

ఆయన కాసేపు చేతులు కట్టుకుని, తర్వాత చేతులు విప్పి, గోతి దగ్గరికి వచ్చాడు.

"మరి ఇందులో నా వాటా ఏమీ లేదా?" అన్నాడు మెల్లగా.

"ఎందుకు లేదు?" ఆవిడ పైపు ఆయన చేతికిచ్చింది. "నీళ్ళు పట్టండి."

ఆయన పట్టాడు.

"మొదలు మీద పొయ్యకండి, కుళ్ళిపోతుంది. చుట్టూ. ఇంకా ఇవతలకి. అటు కాదండీ, ఇటు."